వేరు పల్లెం

నర్సప్పకు అడగడం ఒక జబ్బు. బస్సు ఎందుకు ఆలస్యమైందని కండక్టర్‌ను అడుగుతాడు. టైరు పంక్చరైందని చెబితే, అది ఎక్కడ పంక్చరైంది, దిగింది ఇనుప మేకా గాజుపెంకా అని అడుగుతాడు. తాండూరులో అతను పనిచేసే బండల పాలిషింగ్ యూనిట్‌కు కొత్త మెషిన్ వస్తే, దాని పొట్టలో ఏం తిరుగుతుందో తెలిసేదాకా అతనికి అన్నం సహించదు. "నర్సన్నా, నీకు జవాబులు చెప్పనీకే ఇంకో మనిషిని పనిల పెట్టుకోవాలె" అని మేస్త్రి మహేందర్ ఎగతాళి చేస్తుంటాడు. నర్సప్ప నొచ్చుకోడు. ఆ మనిషికి కూలి ఎంతిస్తావని అడుగుతాడు.

అలాంటివాడు ఆ రోజు ఊరి బడి వరండా ముందు నిలబడి ఒక్క మాట కూడా అడగలేదు.

యూనిట్‌లో కరెంటు పోయి మధ్యాహ్నానికే పని ఆగింది. కొడుకు పాండు నడిపే ఆటోలో పెద్దేముల్ దారిలో వచ్చి, ఇంటికి పోకుండా బడి దగ్గరే దిగాడు. నాలుగో తరగతి చదివే మనవరాలు దీక్షిత అన్నం తినే వేళ అది. పిల్లలు గుంపుగా కూర్చుని తింటుంటే చూడటం అతనికి ఇష్టం. ఎవరు ముందు కూర కలుపుకుంటారు, ఎవరు గుడ్డు చివరిదాకా దాచుకుంటారు, ఎందుకు దాచుకుంటారు, ఇవన్నీ అతనికి కావాలి.

వరండాలో పిల్లలు రెండు వరుసలుగా ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. కందిపప్పు వాసన గేటుదాకా వస్తోంది. నర్సప్ప ఒక వరుస వెతికాడు, రెండో వరుస వెతికాడు. దీక్షిత రెండింటిలోనూ లేదు. వరండా చివర, మెట్ల పక్కన ఉన్న స్తంభానికి ఆనుకుని ఒక్కతే కూర్చుని ఉంది. ఆమెకూ వరుసకూ మధ్య మంచం వేసుకునేంత జాగా ఖాళీగా ఉంది. ఆమె ముందున్న పల్లెం అంచుకు ఎర్ర రంగు పూసి ఉంది. మిగతా ఏ పల్లేనికీ ఆ రంగు లేదు. గ్లాసు కూడా వేరే. వంట చేసే ఎంకమ్మ పెద్ద బకెట్ పక్కన పెట్టి, ఒక చిన్న గిన్నె విడిగా తెచ్చింది. గరిటె పల్లేనికి తగలకుండా ఎత్తి పట్టుకుని పప్పు పోసింది.

ఆ ఎత్తు నర్సప్పకు తెలుసు. గరిటెకూ పల్లేనికీ మధ్య ఉండే ఆ జానెడు జాగా అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. హోటల్ వెనక గోడ మీద తమవాళ్ల కోసం వేరుగా పెట్టిన గ్లాసులో చాయ్ తాగి, తనే కడిగి, తనే బోర్లించిన చేతులు అతనివి. ఆ గ్లాసులు పోయి ఎన్నో ఏళ్లయింది. పోయాయనే అనుకున్నాడు.

చెప్పులు విప్పకుండానే వరండా ఎక్కాడు.

"లే బిడ్డా."

"ఇంక తింటున్న తాతా."

"ఇంటికాడ తిందువు. లే."

దీక్షిత చెయ్యి కడుక్కునేదాకా కూడా ఆగలేదు. మోచేయి పట్టుకుని మెట్లు దించాడు. లోపలి గదిలోంచి స్నేహలత టీచర్ గబగబా వచ్చింది. రోజూ వికారాబాద్ నుంచి రైల్లో వచ్చిపోయే మనిషి. వాళ్లకు నవాబుపేట వైపు మస్తు భూములున్నాయని ఊళ్లో చెప్పుకుంటారు. "తాతా, ఒక్క నిమిషం ఆగండి. పాపని అట్ల ఎందుకు కూర్చోబెట్టామంటే..." అంటూ మెట్ల దాకా వచ్చింది.

'ఎందుకంటే' అన్న మాట వినపడితే నర్సప్ప రోడ్డు మధ్యలోనైనా ఆగిపోతాడు. ఆ రోజు ఆగలేదు. కోపం చెవుల్లో రొద పెడుతుంటే ఇంకొకరి మాట వినపడదు. వరండాలో పిల్లలందరూ ముద్దలు నోటి దగ్గరే ఆపి చూస్తున్నారు. ఎంకమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎందుకు తీస్కపోతున్నవ్ తాతా?" దారిలో దీక్షిత అడిగింది.

"ఊకెనే."

"ఊకెనే అంటే?"

జబ్బు మనవరాలికీ అంటుకుంది. నర్సప్ప ఆమె చేతికి అంటిన మెతుకులను తన తువాలుతో తుడుస్తూ నడిచాడు. పప్పన్నం మెతుకులు. పసుపు రంగు చెయ్యి. దానిలో తప్పేముందని అతనికి కళ్లు నిండాయి.

*

కోడలు శ్యామల తాండూరులో ఒక బట్టల షాపులో పనిచేస్తుంది. పొద్దుగూకే వేళకు పాండు ఆటోలోనే తిరిగి వచ్చింది. నర్సప్ప గడప దగ్గరే ఎదురుచూస్తున్నాడు.

"పోరిని రేపటి సంది ఆ బడికి పంపేది లేదు" అన్నాడు. చూసిందంతా చెప్పాడు. స్తంభం, ఖాళీ జాగా, చిన్న గిన్నె, ఎత్తిన గరిటె. చెబుతుంటే గొంతు పెరుగుతూ పోయింది.

శ్యామల తలకు చుట్టుకున్న స్కార్ఫ్ ముడి విప్పుతూ ఆగింది. "పల్లెం అంచుకు ఎర్ర రంగు ఉన్నదా?"

"నీకెట్ల ఎరుక?"

"ఆ పల్లెం నేనే కొనిచ్చిన మామా. రంగు నా గోళ్ల రంగే. మందిల కలవకుంట ఉండాలెనని నేనే పూసిన. గరిటె తగలనియ్యకు అని ఎంకమ్మవ్వకు చెప్పింది గూడ నేనే."

నర్సప్ప అరుగు మీద కూర్చుండిపోయాడు. అడగాల్సిన ప్రశ్న నోట్లో ఉంది గానీ బయటికి రాలేదు. శ్యామలే చెప్పింది.

"చుట్టాలింట్ల పుట్టెంటికల దావత్‌ల పోరి పల్లి చట్నీ తిన్ననాడు నువ్వు ఇంటికాడ లేవు. నువ్వు పని నుంచి వచ్చేసరికి దవాఖానకెల్లి తెచ్చినం, పోరి నవ్వుకుంట బిస్కెట్లు తింటున్నది. పల్లీలు పడలేదంట అంటే నువ్వు నవ్వినవ్. నేను చూసిన మామా. పెదవులు ఉబ్బి, గొంతు పిల్లికూన గొంతయింది. వికారాబాద్ డాక్టరమ్మ చెప్పింది, పల్లీ ఏ రూపంల గూడ లోపలికి పోవద్దని. ఎవల ఎంగిలి చెయ్యి తగిలినా, ఎవల గరిటె తగిలినా కష్టమని."

"పల్లీలు పడకపోవుడేంది? పల్లీలు నమిలి నీళ్లు తాగి పనికి పోయిన ఒళ్లు మనయి."

"అదే నాకు గూడ సమజ్ కాదు. కానీ పడ్తలేవు."

"పడకపోతే పడకపోయె. గట్ల దూరం కూసోబెడ్తరా? చూసినోళ్లు ఏమనుకుంటరు? రేపు పోరగాళ్లు దాని పక్కన కూసోమంటే ఛీ అనరా?"

శ్యామల స్కార్ఫ్‌ను మడతపెట్టి తీగ మీద వేసింది. మళ్లీ తీసి ఇంకోసారి మడతపెట్టింది. "ఇజ్జత్ పోతే కొట్లాడి తెచ్చుకుంటం మామా. ఊపిరి పోతే యాడికెల్లి తెస్తం?"

"కొట్లాడినోనికి తెలుస్తది, అది తిరిగి వచ్చెటందుకు ఎన్ని తరాలు పడ్తదో."

పాండు వాకిట్లో ఆటో అద్దం తుడుస్తూ ఉన్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు గానీ లోపలికి రాలేదు. ఇద్దరూ సరైన మాటే అంటుంటే మధ్యలోకి వచ్చే మగవాడికి ఏం మిగులుతుంది?

చివరికి శ్యామలే తగ్గింది. "రేపొక్క రోజు ఇంట్లనే ఉండనియ్. నేను గూడ షాపుకు పోను. అటెన్క ఆలోచిద్దాం."

*

మరునాడు యూనిట్‌లో నర్సప్ప బండలు ఏరుతున్నాడు. మెషిన్ మీదికి పోయే ముందు ప్రతి బండనూ నిలబెట్టి, చిన్న సుత్తితో అంచున తట్టి వింటాడు. ఖంగుమంటే బాగున్నట్టు. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో నెర్రె ఉన్నట్టు. అలాంటిదాన్ని పక్కన పెట్టకపోతే మెషిన్ కింద రెండుగా విచ్చుతుంది. బయటికి రెండూ ఒకే తీరుగా, నున్నగా, నీలంగా ఉంటాయి.

రాత్రంతా నిద్ర లేదు కాబట్టి ఆ రోజు ప్రశ్నలు మరీ ఎక్కువయ్యాయి.

"మహేందరూ, పల్లీలు తింటే మనిషి సచ్చుడు ఎన్నడన్న ఇన్నవా?"

"పల్లీలు లేక సచ్చినోళ్లను ఇన్న."

"తమాష కాదు. మా పోరికి పడ్తలేవంట."

ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెప్పారు. లోడింగ్ కుర్రాడు వేడి చేసిందన్నాడు. లెక్కలు చూసే ఆయన అది హైదరాబాద్‌లో పెద్దోళ్ల పిల్లలకు వచ్చే రోగమన్నాడు, మనదాకా వచ్చిందంటే ఊరు బాగుపడుతున్నట్టే అన్నాడు. కర్ణాటక నుంచి లారీ తెచ్చిన డ్రైవర్ దిష్టి తీయించమని కన్నడంలో చెప్పి, ఎలా తీయాలో చేత్తో తిప్పి చూపించాడు. నర్సప్ప అందరి మాటా శ్రద్ధగా విన్నాడు. ఒక్కటి కూడా ఖంగుమనలేదు.

చాయ్ వేళకు వేయించిన పల్లీల పొట్లం కొన్నాడు. ఒక గింజను రెండు బద్దలు చేసి అరచేతిలో పెట్టుకున్నాడు. లోపల ముక్కులాంటి చిన్న మొలక. దాన్ని గోటితో తీసి వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏమున్నది దాంట్ల?" మహేందర్ అడిగాడు.

"అదే చూస్తున్న."

"పల్లీ ఉన్నది నర్సన్నా. తిను."

తిన్నాడు. చూస్తూ చూస్తూ పొట్లమంతా తిన్నాడు. ఉప్పు, పొట్టు, నూనె వేళ్లకు అంటుకున్నాయి. ఇంటి దగ్గర పోరి ఎలా ఉందోనన్న ధ్యాసతో పని పూర్తికాకముందే మేస్త్రికి చెప్పి బయలుదేరాడు.

దీక్షిత అలిగి కూర్చుంది. పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదట. "నా దోస్తులు నాకోసం చూస్తరు" అంటోంది. శ్యామల బతిమాలి బతిమాలి విసిగి, వెనక వాకిట్లో బట్టలు ఆరేస్తోంది.

"నేను పెడ్త పట్టు" అన్నాడు నర్సప్ప. కుండ దగ్గర చెయ్యి మీద నీళ్లు పోసుకుని తువాలుకు తుడుచుకున్నాడు. వేడి అన్నంలో పప్పు వేసి, నెయ్యి చుక్క వేసి, మెత్తగా పిసికి ముద్దలు చేశాడు. దీక్షితకు తాత ముద్దలంటే ప్రాణం. నడుమ గుంట చేసి దాంట్లో నెయ్యి పెడతాడు. ఆమె నోరు తెరిచింది. ఒక ముద్ద తింది, రెండో ముద్ద తింది. నర్సప్పకు నిన్నటి బరువు దిగినట్టయింది. ఎంకమ్మ గరిటె ఎంత ఎత్తులో ఉంటే ఉండనీ, ఇక్కడ తాత చెయ్యికీ మనవరాలి నోటికీ మధ్య ఏ జాగా లేదు.

"నోరు గులగుల అయితుంది తాతా."

"కారం తగిలిందా?"

"కారం కాదు." ఆమె పెదవిని గోకింది. మెడ మీద ఎర్రగా ఒక దద్దు లేచింది. చూస్తుండగానే దాని పక్కన ఇంకొకటి. పైపెదవి ఒకవైపు ఉబ్బింది. నర్సప్ప ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె దగ్గింది. ఆ దగ్గు కింద ఏదో ఈల వేసినట్టు వినిపించింది.

"శ్యామలా."

ఆమె తడిబట్ట చేతిలోనే పట్టుకుని పరుగెత్తి వచ్చింది. బిడ్డ ముఖం చూసింది. "ఏం పెట్టినవ్ మామా?"

"పప్పన్నమే. నువ్వు వండిందే."

"నువ్వేం తిన్నవ్?"

నర్సప్ప తన కుడిచెయ్యి చూసుకున్నాడు. బొటనవేలి గోటి సందులో ఎర్రటి పల్లీ పొట్టు.

శ్యామల అరవలేదు. పాండుకు ఫోన్ చేసింది. ఆటో మూలమలుపులోనే ఉంది, నిమిషాల్లో వచ్చింది. ఆమె బిడ్డను ఎత్తుకుంటుంటే నర్సప్ప రెండు చేతులూ ముందుకు చాపాడు.

"ముట్టుకోకు మామా" అంది.

కోపంగా అనలేదు. వేడి గిన్నె దగ్గరికి పోయే పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. నర్సప్ప పోయి ముందు సీటులో పాండు పక్కన కూర్చున్నాడు. రెండు అరచేతులూ తొడల మీద వెల్లకిలా పెట్టుకున్నాడు. వాటిని ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు. వెనక బిడ్డ ఊపిరి వినిపిస్తోంది. తాండూరు దాకా ఆ ఊపిరే విన్నాడు. సుత్తి తట్టి బండను వినడానికి అలవాటుపడ్డ చెవులు ఒక్క ఈల కూడా వదల్లేదు. 'ముట్టుకోకు' అన్న మాట అతన్ని ఈ జన్మలో చాలామంది అన్నారు. ఇంట్లోవాళ్లు అనడం ఇదే మొదలు. అందులో తప్పు లేకపోవడం కూడా ఇదే మొదటిసారి.

దవాఖానలో శ్యామల లోపలికి పోతూనే "పల్లీ అలర్జీ, ఊపిరి ఆడ్తలేదు" అని చెప్పింది. నర్సు క్షణం ఆలోచించకుండా పాప తొడకు సూది వేసింది. కాసేపటికి ఈల తగ్గింది. మెల్లగా ముఖానికి రంగు వచ్చింది. రేపటిదాకా ఇక్కడే ఉంచి చూడాలి, ఒకసారి తగ్గి మళ్లీ రావచ్చు అన్నారు.

నర్సప్ప తలుపు బయటే నిలబడ్డాడు. తరువాత నల్లా దగ్గరికి పోయి, సబ్బు అడిగి తీసుకుని చేతులు కడిగాడు. గోళ్లు కడిగాడు. మోచేతులదాకా కడిగాడు. సబ్బు సగం అరిగింది. తువాలు ముట్టుకోకుండా, చేతులు గాలికి ఆరబెట్టుకుంటూ నర్సు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఇగ ముట్టుకోవచ్చునా?"

రెండు రోజులుగా నోట్లో ఇరుక్కున్న ప్రశ్నల్లో ముందుగా బయటికొచ్చింది అది. నర్సు తల ఊపింది. అతను మనవరాలి కాలి బొటనవేలు పట్టుకుని కూర్చున్నాడు.

*

దవాఖాన నుంచి ఇంటికి పంపించిన మరుసటి రోజే వికారాబాద్ పోయారు. పిల్లల డాక్టర్ అరుణాదేవి గది ముందు చాలామంది ఉన్నారు. లోపలికి పోయాక నర్సప్ప స్టూలు మీద కూర్చోలేదు, నిలబడే మొదలుపెట్టాడు.

"డాక్టరమ్మా, ఆ గింజల ఏమున్నది?"

ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది. బయట జనం ఉన్నారు, అయినా పెన్ను కింద పెట్టింది. "గింజలో విషం ఏం లేదు. మీకు, నాకు మంచి తిండే. పాప ఒంట్లో ఒక కాపలా ఉంటది. రోగాలు రాకుండా కాసేది. అది పల్లీని చూసి దొంగ అనుకుంటది. కొట్లాడేది పల్లీ కాదు, ఆ కాపలానే."

"మా యూనిట్ కుక్క తీరు. దొంగలొస్తే పండుకుంటది, సేటు వస్తే కరుస్తది."

"అదే అనుకోండి."

"ఏంచితే పోదా?"

"పోదు. వేయిస్తే ఇంకా గట్టిపడ్తది."

"నీళ్లతోటి కడిగిన గదా నేను."

"నీళ్లతో పోదు. చేతులకు రాసుకుంటరే శానిటైజర్, దాంతో కూడా పోదు. సబ్బుతో రుద్ది కడగాలె. తువాలు కూడా వేరేది ఉండాలె."

"పక్కన కూసొని ఎవలన్న తింటే? ఆ వాసనకు?"

"ఉత్త పక్కన కూర్చుంటే ఏం కాదు. నోట్లోకి పోవద్దు. చెయ్యి తగలొద్దు, ఎంగిలి తగలొద్దు, గరిటె తగలొద్దు. అదే అసలు సంగతి."

నర్సప్ప ఆగాడు. శ్యామల అతని ముఖంలోకి చూసింది. ఈ ప్రశ్న కోసమే ఆయన ఇంతదూరం వచ్చాడని ఆమెకు తెలిసింది.

"మరి వరుసలకెల్లి లేపి స్తంభం కాడ ఎందుకు కూసోబెట్టాలె?"

"ఎవరు కూర్చోబెట్టమన్నారు?"

"నేను వేరు పల్లెం అన్న" శ్యామల చిన్నగా చెప్పింది. "టీచరమ్మ భయపడి దూరం గూడ పెట్టింది. నేను గూడ వద్దనలే మేడం. దూరముంటేనే నయమనిపించింది."

"పల్లెం వేరుగా ఉంటే మంచిదే. పిల్లను వేరు చెయ్యొద్దు. ఒంటరిగా ఉంటే ఒంట్లో బాగలేకపోయినా ఎవరికీ తెలియదు. దోస్తులు పక్కన ఉంటేనే కదా, పెదవి ఉబ్బిందని ముందు వాళ్లు చూసేది."

"ఇంకొక్కటి అడుగుతా డాక్టరమ్మా. పల్లీలు తెచ్చుకునేది ఇంకెవలో. దూరం పోవాల్సింది వాళ్లా, మా పోరినా?"

అరుణాదేవి నవ్వింది. "మీ బడి టీచర్ ఊరు ఏది?"

"గీ వికారాబాదే."

"రైలు ఎక్కేముందు ఒకసారి ఇక్కడికి రమ్మనండి. నేను చెప్తా. తొడకు వేసే సూది కూడా రాస్తున్నా, ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి ఉండాలె. ఎట్ల వెయ్యాలో ఇద్దరికీ చూపిస్త. సూది వేసినా సరే, వెంటనే దవాఖానకు తీస్కపోవాలె."

"ఇద్దరికి కాదు, ముగ్గురికి" అన్నాడు నర్సప్ప. "నాకు గూడ."

అరుణాదేవి సొరుగులోంచి మందు లేని సూది ఒకటి తీసింది. బట్టల మీదనే తొడకు పొడవాలని, కొద్దిసేపు అదిమి పట్టాలని చూపించింది. నర్సప్ప ఆమె దగ్గర ఆ ఖాళీ సూదిని అడిగి తెచ్చుకున్నాడు. రైల్లో దారి పొడవునా దాన్ని తిప్పి తిప్పి చూశాడు. దాని లోపల ఏ తీగ ఏ తీగను తోస్తుందో కనుక్కున్నాక గానీ జేబులో పెట్టుకోలేదు.

*

స్నేహలత డాక్టర్ దగ్గరికి పోయివచ్చిన రోజు సాయంత్రం నర్సప్ప ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చోమంటే కూర్చుంది. చాయ్ ఇస్తే తాగింది. అన్నీ అయ్యాక అసలు మాట అంది.

"మీరు ఆ రోజు అట్ల ఎందుకు తీస్కపోయారో నాకు ఇంటికి పోయేదాకా తట్టలేదు తాతా. పల్లీ గురించే ఆలోచించిన. చూసేవాళ్లకు ఎట్ల కనిపిస్తదో ఆలోచించలే. నాకు ఆలోచించే అవసరం ఎప్పుడూ రాలేదు."

"నేను గూడ అడగలే టీచరమ్మా" అన్నాడు నర్సప్ప. "అడిగి ఉంటే నువ్వు చెప్పేదానివి. పోరికి ఆ కష్టం వచ్చేది కాదు."

దీక్షిత బడికి పోయింది. మొదట్లో శ్యామల కూడా షాపుకు ఆలస్యంగా పోతూ వెంట వెళ్లింది. కొత్త పద్ధతి ఏంటో నర్సప్పకు మనవరాలు పూసగుచ్చినట్టు చెప్పేది. అన్నానికి ముందు, అన్నం తిన్నాక అందరూ సబ్బుతో చేతులు కడగాలి. ఎవరి తిండి వాళ్లే తినాలి, కాకెంగిలి కూడా చెల్లదు. బట్ట అడ్డం పెట్టి కొరికినా ఎంగిలి ఎంగిలేనట. ఎంకమ్మ ఇప్పుడు చిన్న గిన్నెను అందరికంటే ముందు నింపి పెడుతుంది, గరిటె ఎత్తి పోయదు, వంగి వడ్డిస్తుంది. ఇంటినుంచి పల్లీ పట్టీనో, పల్లి చట్నీనో తెచ్చుకున్నవాళ్లు వరండా ఆ చివరన, స్తంభం దగ్గర కూర్చుని తిని, సబ్బుతో కడుక్కుని వచ్చి కలవాలి. వరుసలోకి వచ్చే ప్రతివాళ్లనూ ఆపి అడిగే పని దీక్షితది.

"ఆ పని నీకెవలిచ్చిండ్రు?"

"నేనే తీస్కున్న. అడుగుడు నాకు మంచిగొస్తది."

ఒక మధ్యాహ్నం నర్సప్ప మళ్లీ బడికి పోయాడు. ఈసారి కరెంటు పోలేదు. మేస్త్రిని సెలవు అడిగి పోయాడు. వరండాలో వరుసలు అలాగే ఉన్నాయి. దీక్షిత మధ్యలో ఉంది, అటూ ఇటూ దోస్తులు. ఆమె నవ్వుతూ ఎవరితోనో గుడ్డు గురించి వాదిస్తోంది. నర్సప్ప కాసేపు గేటు దగ్గరే నిలబడి చూశాడు. చెప్పులు విప్పి మెట్లెక్కాడు. ఎంకమ్మ ఒక పల్లెం పట్టుకొచ్చి, "కూసో నర్సప్పా, తిందువు" అంది.

మనవరాలి పక్కన కూర్చోబోయాడు. ఆమె లేచి చెయ్యి అడ్డం పెట్టింది.

"పొద్దుగాల సంది ఏం తిన్నవ్ తాతా?"

వరుసలన్నీ అటు తిరిగాయి. పొద్దున తాండూరు హోటల్లో దోసె తిన్నాడు. చట్నీ రెండుసార్లు అడిగి పోయించుకున్నాడు. చేతులు సబ్బుతో కడుక్కున్నాడు కానీ చట్నీ మరక చొక్కా గుండీ పక్కన ఉంది. ఇడ్లీ, కారంపొడి అని చెబితే ఎవరికి తెలుస్తుంది? ఇంతమంది పిల్లల ముందు, మనవరాలి పక్కన ఒక్కసారి వరుసలో కూర్చోవాలని ఎంత ఆశపడ్డాడో అతనికే తెలుసు. ఒక్క క్షణం ఆ ఇడ్లీ అబద్ధం నాలుక మీదికి వచ్చింది.

"పల్లి చట్నీ" అన్నాడు.

"అయితే గక్కడ కూసో."

ఆమె వేలు చూపించింది. ఆ గొంతులో కోపం లేదు, జాలి లేదు. మంచినీళ్లు ఎక్కడున్నాయో చెప్పినట్టు చెప్పి, మళ్లీ కూర్చుని గుడ్డు వాదం మొదలుపెట్టింది. ఈ పిల్లకు ఆ దూరం ఉత్త దూరమే. దానికి ఇంకో పేరు ఉండేదని ఆమెకు తెలియదు. ఎప్పటికీ తెలియకపోతే బాగుండునని నర్సప్పకు అనిపించింది.

పల్లెం పట్టుకుని సంతోషంగానే వరండా చివరికి నడిచాడు. స్తంభం దగ్గర అప్పటికే ఒకరున్నారు. స్నేహలత నేల మీద మఠం వేసుకుని, ఒడిలో డబ్బా పెట్టుకుని తింటోంది. అతన్ని చూసి నవ్వాపుకుంటూ పక్కకు జరిగింది.

"వంకాయ కూరలో అమ్మ పల్లి పొడి వేసింది తాతా. రైలు దిగినాక గానీ చూసుకోలే. మీ మనవరాలు డబ్బా మూత తీయించి మరీ చూసి ఇక్కడికి పంపింది."

నర్సప్ప ఆమె పక్కన కూర్చున్నాడు. టీచర్ తన డబ్బాలోంచి ఒక వంకాయ తీసి అతని పల్లెంలో పెట్టింది. ఎత్తి వేయలేదు. ఎంకమ్మ వచ్చి ఇద్దరికీ ఒకే గరిటెతో అన్నం పెట్టింది.

"కూర ఎట్లుంది?" టీచర్ అడిగింది.

"మంచిగున్నది. మీ అమ్మ పల్లీలు ఏంచి దంచుతదా, దంచి ఏంచుతదా?"

ఆమె జవాబు చెప్పేలోపు వరుసలోంచి దీక్షిత గొంతు వినిపించింది. "టీచర్, తాతా, తిన్నంక సబ్బుతోటి కడుక్కోని రండ్రి. అప్పటిదాంక ఎవల్ని ముట్టుకోవద్దు."

ఇద్దరూ నోట్లో ముద్ద ఉండగానే తల ఊపారు.